టల్లపూసా వంపులో జరిగిన యుద్ధము – దాని జమాఖర్చులు



మన గ్రంథాలయ రజతోత్సవమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. భారతములోనిదో భాగవతములోనిదో ఒక ఘట్టమును ఎత్తుకొందునని మీలో పెక్కుమంది అనుకొని యుందురు. ఈ మారు మాత్రము మిమ్ములను కొంచెము దూరదేశమునకు తీసికొని పోవలెనని నా కోరిక. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నేడు అలబామా అని పిలువబడు రాష్ట్రము కలదు. అందు టల్లపూసా అను నది ప్రవహించుచున్నది. ఆ నది యొడ్డున 1814వ సంవత్సరము మార్చి 27వ తేదీ, ఆదివారమునాడు, అమెరికా సైన్యమునకును క్రీకులను ఆదివాసి యోధులకును జరిగిన యుద్ధము నేటి నా విషయము.

లెక్కలు వ్రాసి బ్రతుకువానికి అమెరికా యుద్ధములతో ఏమి పని అని అడుగువారుందురు. పనియున్నది. ఆ యుద్ధము ఒక పగటిలో ముగిసెను. తరువాత నాలుగు నెలలకు వ్రాసిన దస్తావేజుతో దాదాపు 2 కోట్ల 30 లక్షల ఎకరముల భూమి చేతులు మారెను. యుద్ధకథలు వ్రాయువారు ఫిరంగులను పది పుటలలో వర్ణించి దస్తావేజును పది పంక్తులలో ముగింతురు. నాకు ఫిరంగుల సంగతికంటె దస్తావేజుల సంగతి బాగుగా తెలియును. కావున ఆ రెండవదానిని కొంచెము నిదానముగా చూపుదును.

ముందు మనుష్యుల సంగతి. వారు తమను మస్కోగీలని చెప్పుకొందురు. ‘క్రీకు’ అనగా ఆంగ్లమున వాగు. వాగుల వెంబడి, నదుల వెంబడి ఊళ్ళు కట్టుకొని యుండుటచే తెల్లవారు వారికి ఆ పేరు పెట్టిరి. ఇక ‘ఇండియను’లను పేరు మన దేశమును వెదకికొనుచు బయలుదేరిన కొలంబసు పొరపాటువలన వచ్చినది. మన పేరును వారు మోయవలసి వచ్చెనే కాని మనకును వారికిని చుట్టరికము లేదు. ఈ క్రీకులు గుడారములు మోసికొని తిరుగుడు సంచారులు గారు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకొను వ్యవసాయదారులు. ప్రతి యూరికి నడుమ ఒక సభాస్థలము, ఊరి పెద్దలు, వంశములు. వంశము తల్లివైపునుండి లెక్కకు వచ్చును. భూమి మాత్రము ఒక్కరి సొత్తు గాదు. దున్నినవాడు పంట తినును. నేల అందరిది. అడంగలు లేని దేశమన్నమాట! ఈ సంగతి జ్ఞాపకమందుంచుకొనుడు, తరువాత కావలసి వచ్చును.

వారిలో రెండు భాగములు. టల్లపూసా, కూసా నదుల వెంబడి యుండువారు ఎగువ క్రీకులు. చాటహూచీ, ఫ్లింటు నదుల వెంబడి జార్జియా రాష్ట్రమునకు చేరువలో నుండువారు దిగువ క్రీకులు. దిగువవారికి తెల్లవారితో రాకపోకలు, పెండ్లి సంబంధములు ఎక్కువ. జింకతోళ్ళు అమ్మి తుపాకులు, గుడ్డలు, సారాయి కొనుట వారందరికి తరములుగా అలవాటైనది. జింకలు తరిగినకొలది అప్పులు పెరిగినవి. అప్పు పెరిగినప్పుడు వర్తకుని కన్ను దేనిమీద పడునో పల్లెటూరివారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు.

అమెరికా ప్రభుత్వము పంపిన బెంజమిన్ హాకిన్స్ అను ప్రతినిధి వారిమధ్యనే నివసించుచు నాగళ్ళు, రాట్నములు తెప్పించి, వేట మానుడు, ప్రత్తి నూలుడు, మా పద్ధతిని బ్రతుకుడు అని బోధించెను. అతడు దుర్మార్గుడు గాడు. కాని వేట మానినవానికి అడవి అక్కరలేదు, అక్కరలేని అడవిని అమ్మవచ్చును గదా అను తర్కము ఆ బోధవెనుక ఉన్నది. 1811లో వారి దేశము నడుమనుండి ప్రభుత్వపు బాట వెడల్పు చేయబడెను. అదే సంవత్సరము ఉత్తరమునుండి టెకుమ్సే అను షానీ జాతి నాయకుడు వచ్చి, మనమందరము ఏకము కానిదే ఈ నేల దక్కదని క్రీకుల మహాసభలో హెచ్చరించెను. ఆ ఏడే ఆకాశమున పెద్ద తోకచుక్క కనబడెను. డిసెంబరునుండి కొన్ని మాసములు భూమి కంపించెను. ధూమకేతువును చూచి మన పురాణములలోని రాజులే కలతపడిరి. వారు కలతపడుట వింతయా? ప్రవక్తలు పుట్టిరి. తెల్లవారి వస్తువులను, పద్ధతులను విడువవలెనని చాటిరి. ఎఱ్ఱరంగు పూసిన యుద్ధపు కఱ్ఱలను చేతబట్టిన వీరికి ‘ఎఱ్ఱకఱ్ఱలవారు’ అను పేరు వచ్చెను. ఎగువ క్రీకులలో పెక్కురు వీరివైపు పోయిరి. దిగువవారిలో పెక్కురు అమెరికావైపు నిలిచిరి. ఒకే తల్లి వంశమువారు చెరియొక ప్రక్క నిలిచిన ఇండ్లును కలవు. అనగా ఈ యుద్ధము మొదట అన్నదమ్ముల కలహము. కురుక్షేత్రపు కథ వినిన మనకు దీనిని వివరింప పనిలేదు.

1813వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన ఎఱ్ఱకఱ్ఱలవారు మిమ్స్ కోటపై బడి, తలుపు మూయకుండ ఏమరియున్న లోపలివారిని హతమార్చిరి. స్త్రీలు, బిడ్డలు గూడ చచ్చిరి. ఇప్పటి చరిత్రకారుల అంచనాలో మృతులు ఇంచుమించు 250 మంది. వారిలో క్రీకు రక్తము కలవారును చాలమంది. ఓడినవారి పక్షమున మాటలాడువారు ఈ సంగతిని దాటవేయుట నేను చూచితిని. అట్లు దాటవేయరాదు. జమ వ్రాసి ఖర్చు వ్రాయని పుస్తకము పుస్తకము గాదు. అంతకుముందు జూలైలో, బర్న్ట్ కార్న్ వాగువద్ద మందుగుండు తెచ్చుకొనుచున్న ఎఱ్ఱకఱ్ఱలవారిపై అమెరికను దండు విరుచుకొని పడెననియు ఆ పుస్తకముననే వ్రాయవలెను.

మిమ్స్ వార్త విని టెనెసీ రాష్ట్రపు దండునకు సేనానియైన ఆండ్రూ జాక్సన్ బయలుదేరెను. అంతకు కొలదిదినముల ముందు వీధి తగవులో తుపాకి దెబ్బతిని చేయి కట్టుకొని యున్నాడు. ఆ చేతితోనే గుఱ్ఱమెక్కెను. నవంబరులో టలుషాచీ, టాలడీగా అను రెండుచోట్ల గెలిచెను. టలుషాచీలో తల్లి శవమువద్ద దొరికిన పసిబిడ్డను ఇంటికి పంపించి లింకోయా అను పేరుతో పెంచెను. ఆ బాలుడు 1828లో, యౌవనములోనే, చనిపోయెను. మనుష్యుని హృదయములో ఎన్ని గదులుండునో! అదే మనుష్యుడు ఆకలికి తాళలేక ఇండ్లకు పోవజూచిన తన సైనికులకు తుపాకి గురిపెట్టి ఆపెను. జాన్ వుడ్స్ అను పదునెనిమిదేండ్ల సైనికుని, ఆజ్ఞ ధిక్కరించెనని, 1814 మార్చి 14న కాల్పించెను. దానితో దండు కట్టుబాటునకు వచ్చెనని జాక్సన్‌ను మెచ్చువారు వ్రాయుదురు. వచ్చియుండవచ్చును.

ఇప్పుడు స్థలమును చూడుడు. టల్లపూసా నది ఒకచోట గుఱ్ఱపు లాడమువలె వంగి, దాదాపు 100 ఎకరముల నేలను మూడు ప్రక్కల చుట్టుకొని యున్నది. అందుచేతనే దానికి లాడపు వంపు అని పేరు. లోపల కొసన టోహోపీకా అను క్రొత్త గ్రామము. ఎగువ క్రీకుల ఊళ్ళనుండి కాందిశీకులై వచ్చిన వారు, ఇంచుమించు 1,000 మంది యోధులు, 350 మంది స్త్రీలు, బిడ్డలు, అందు ఉండిరి. నేలవైపు తెరచియున్న మెడకు అడ్డముగా పెద్ద దుంగలతో అయిదునుండి ఎనిమిది అడుగుల ఎత్తు గోడ కట్టిరి. అది తిన్నని గోడ గాదు. వంకరలు తిరిగి, దగ్గరకు వచ్చినవానిపై రెండువైపులనుండి కాల్చుటకు వీలుగా రంధ్రములు గలది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున నాలుగు విధములైన దుర్గములు చెప్పినాడు. వానిలో జలదుర్గము మొదటిది. చదువు రాని ఆ యోధులు కౌటిల్యుడు మెచ్చదగిన జలదుర్గమునే కట్టిరి. జాక్సన్ గూడ ఆ గోడను చూచి ఆశ్చర్యపడి తన లేఖలో మెచ్చుకొనెను. నది తమకు కందకమని నమ్మిరి. ఒడ్డున పడవలు కట్టియుంచుకొనిరి. ఆ నాయకులలో మెనావా అనువాడు ముఖ్యుడు.

జాక్సన్‌వద్ద దాదాపు 3,300 మంది. వారిలో 500 మంది చెరోకీలను వేరొక ఆదివాసి జాతివారు, 100 మంది దిగువ క్రీకులు. దిగువ క్రీకుల నాయకుడు విలియం మెకింటాష్. ఈ పేరును, మెనావా పేరును కలిపి జ్ఞాపకముంచుకొనుడు.

జాన్ కాఫీ అను సేనాని గుఱ్ఱపు దళముతోను, చెరోకీలతోను, క్రీకులతోను దిగువ రేవున నది దాటి వెనుకనుండి వంపును చుట్టుముట్టెను. పదిన్నర గంటలకు జాక్సన్ రెండు చిన్న ఫిరంగులతో గోడను కొట్టసాగెను. రెండు గంటలు కొట్టెను. దుంగలు గుండ్లను మ్రింగివేసెనే కాని కదలలేదు. యుద్ధము అచ్చటనే ఆగియుండెడిది.

కాని ఆవలి యొడ్డున నున్న చెరోకీలు ఊరకుండలేదు. వారిలో కొందరు చల్లని నీటిలో దూకి ఈది, క్రీకుల పడవలను విప్పి తెచ్చిరి. ఆ పడవలలో మనుష్యులు దాటిరి. దాటినవారు మరిన్ని పడవలు తెచ్చిరి. గ్రామమునకు నిప్పు పెట్టి, గోడను కాచుచున్నవారిని వెనుకనుండి తాకిరి. కందకమనుకొన్న నదియే దారియైనది. పొగ చూచి జాక్సన్ గోడమీదికి లగ్గ పట్టుమనెను. ముందుగా గోడనెక్కిన మేజరు మాంట్‌గొమరీ తలకు గుండు తగిలి అచ్చటనే పడెను. వెనుకనే దుమికిన సామ్ హ్యూస్టన్ అను యువకుని తొడలో బాణము దిగెను. అతడే తరువాతి కాలమున టెక్సాస్ దేశమునకు అధ్యక్షుడయ్యెను.

తరువాత జరిగినదానిని యుద్ధమనుటకు నాకు నోరు రాదు. తుపాకులు అందరికి లేవు. ఉన్నవారికి మందుగుండు చాలలేదు. లొంగిపొండని దుబాసీని పంపగా ఎఱ్ఱకఱ్ఱలవారు కాల్చిరి. అంతటినుండి వంపులోపల పొదపొదను వెదకి, ఒడ్డు క్రింద దాగినవారిని నిప్పు పెట్టి వెళ్ళగొట్టి, నీటిలో ఈదువారిని గురిచూచి కాల్చిరి. చీకటి పడువరకు ఇదియే పని. మరునాటి యుదయమున దాగియుండిన మరి 16 మందిని చంపిరి.

అప్పుడు లెక్క కట్టిరి. నేలమీద దొరికిన శవములు 557. ఒక శవమును రెండుమారులు లెక్కింపకుండుటకై లెక్కించిన ప్రతి శవపు ముక్కుకొనను కోసిరి. ఇన్నేండ్లు లెక్కలు వ్రాసినాను. తప్పు లేకుండ లెక్కించుటకు ఇంతకంటె దారుణమైన పద్ధతిని నేను ఎక్కడను చదువలేదు. లెక్క సరిగానే వచ్చినది. ఒక్క పేరు మాత్రము దానిలో లేదు. నదిలో చచ్చినవారు 250నుండి 300 వరకుందురని అంచనా. అమెరికను సైనికులలో చచ్చినవారు 26, చెరోకీలలో 18, మిత్రులైన క్రీకులలో 5. స్త్రీలు, బిడ్డలు ఇంచుమించు 350 మంది చెరబట్టబడిరి. మెనావా ఏడు గాయములతో శవములమధ్య పడియుండి, రాత్రి ప్రాకి నదిలో పడవనెక్కి తప్పించుకొనెను. అమెరికా ఆదివాసులతో చేసిన యుద్ధములలో ఒక్కనాడు ఇంతమంది ఆదివాసి యోధులు చచ్చినది మరియొకటి లేదందురు.

ఇక దస్తావేజు. అదే సంవత్సరము ఆగస్టు 9న జాక్సన్ కోటలో సంధి వ్రాయబడెను. జాక్సన్ స్వయముగా ప్రభుత్వ ప్రతినిధి. ఓడిన ఎఱ్ఱకఱ్ఱలవారు పెక్కురు దక్షిణమున ఫ్లారిడాకు పారిపోయిరి. సంధికి వచ్చినవారిలో శత్రుపక్షమువాడు ఒక్కడే అని చరిత్రకారుల మాట. తక్కినవారందరు జాక్సన్ పక్షమున నిలిచినవారు, తమ మనుష్యులను ఆ గోడవద్ద పోగొట్టుకొన్నవారు. యుద్ధమునకైన ఖర్చులకు బదులుగా భూమినిండని జాక్సన్ అడిగెను. ఎవరి భూమి? శత్రువుల భూమితో బాటు మిత్రుల భూమియు. బిగ్ వారియర్ అను మిత్రనాయకుడు ఇది న్యాయము గాదని వాదించెను. వినినవారు లేరు. చేయి కాలినవానిచే వైద్యునికి రుసుము ఇప్పించుట విన్నాము కాని, నిప్పార్పిన పొరుగువానిచే ఇప్పించుట విన్నామా?

చివరకు వారు కాగితముమీద నిశాని వేసిరి. నిశాని యనగా మీకు తెలియును. చదువు రానివాడు తనకు చదివి వినిపించినదానిని నమ్మి గీటు పెట్టుట. దానితో నేటి అలబామాలో సగమునకు పైగాను, జార్జియా దక్షిణభాగమును పోయెను. మిత్రులకు దయదలచినదేమనగా, ఆ పోయిన నేలలో ఇల్లు గలవాడు ఒక చదరపు మైలు, అనగా 640 ఎకరములు, తాను నివసించునంతకాలము అనుభవింపవచ్చును. విడిచిపోయినచో అదియు ప్రభుత్వముదే. ఆకలితో నున్నవారికి పంట చేతికి వచ్చువరకు తిండి ఇత్తుమనియు వ్రాసిరి.

విచిత్రమేమనగా, ఆ సంవత్సరమే డిసెంబరులో ఇంగ్లండుతో అమెరికా చేసికొన్న ఘెంట్ సంధిలో తొమ్మిదవ నిబంధన ఉన్నది. యుద్ధమునకు ముందు 1811లో ఆదివాసులకున్న ఆస్తులను, హక్కులను తిరిగి ఇచ్చివేయవలెనని దాని అర్థము. ఆ నిబంధనను చూపి క్రీకులకు ఒక్క ఎకరమైనను తిరిగి ఇచ్చినవారు లేరు. రెండు దస్తావేజులు, ఒకదానికొకటి విరుద్ధములు. బలవంతునికి అనుకూలమైనది అమలుకు వచ్చెను. ఆ నేలలో ప్రత్తి వేసిరి. 1819లో అలబామా రాష్ట్రమయ్యెను. ప్రత్తి తీయుటకు ఆఫ్రికా సంతతి బానిసలను తోలుకొని వచ్చిరి. 1860 జనాభా లెక్కలలో ఆ యొక్క రాష్ట్రమున బానిసలు 4,35,080 మంది.

ఇప్పుడు జ్ఞాపకముంచుకొనుడని చెప్పిన రెండు పేర్ల సంగతి. మెకింటాష్ 1825 ఫిబ్రవరిలో, క్రీకు మహాసభ అనుమతి లేకయే, మిగిలిన భూములలో చాలభాగమును విక్రయించు సంధిపై సంతకము చేసెను. అట్టివానికి మరణమే శిక్ష యని వారి శాసనము. ఆ శాసనమును అమలుజరుపుటకు మహాసభ పంపిన దండునకు నాయకుడు మెనావా. లాడపు వంపున ఎదురెదురుగా నిలిచినవారిలో ఒకడు పదునొకండేండ్లకు రెండవవానిని ఈ విధముగా చంపించెను. పోనీ, ఆ మెనావాకైనను నేల దక్కెనా అనిన, లేదు. 1836లో క్రీకులందరితో బాటు ఆ వృద్ధుడు గూడ మిసిసిపి నదికి ఆవలికి తరలింపబడెను.

పడవలు తెచ్చి జాక్సన్‌ను గెలిపించిన చెరోకీల గతి వినుడు. జాక్సన్ 1829లో దేశాధ్యక్షుడయ్యెను. మరుసటియేట, 1830 మే 28న, ఆదివాసులను పడమటికి తరలించు చట్టముపై సంతకము చేసెను. 1838, 1839లలో ఇంచుమించు 16,000 మంది చెరోకీలను సైన్యము ఇండ్లనుండి వెడలగొట్టి నడిపించెను. దాదాపు 4,000 మంది దారిలోను శిబిరములలోను చచ్చిరని లెక్క. ఆ నడకకు ‘కన్నీటి బాట’ అని పేరు. అట్లు నడిచినవారిలో జునలుస్కా ఒకడు. లాడపు వంపున జాక్సన్ పక్షమున పోరాడినవాడు. ఆనాడు జాక్సన్‌ను బ్రతుకనిచ్చినందులకు అతడు తరువాత చింతించెనని ఆ జాతివారు నేటికిని చెప్పుకొందురు.

ఆ యుద్ధమున పోరాడిన మరియొక చెరోకీని గూర్చి ఈ గ్రంథాలయమున చెప్పకుండ పోలేను. అతని పేరు సెక్వోయా. ఆంగ్లము చదువను వ్రాయను రానివాడు. తెల్లవారు కాగితముమీద గీతలు గీసి మాటలను దూరమునకు పంపుటను చూచి, మా భాషకును అట్టిది ఏల యుండరాదని పట్టుబట్టెను. పండ్రెండేండ్లు శ్రమించెను. ఇరుగుపొరుగువారు పిచ్చివాడనిరి. 1821 నాటికి ఒక్కొక్క అక్షరధ్వనికి ఒక్కొక్క గుర్తు చొప్పున 86 గుర్తులు కల్పించెను. మన క, కా, కి, కీలలో గుణింతపు గుర్తు మారును కాని మూలరూపము నిలిచియుండును. అతని లిపిలో ప్రతిదానికి వేరు గుర్తు. అయినను నేర్చుకొనుట సులభమట, కొలది వత్సరములలోనే జాతిలో వేలమంది చదువరులైరి. 1828 ఫిబ్రవరి 21న ఆ లిపిలోను ఆంగ్లములోను వారి వార్తాపత్రిక వెలువడెను. ఈ లిపితో వారి నేల నిలువలేదు. భాష మాత్రము నిలిచినది. నిశాని వేసిన తరమునకు పిమ్మట, వచ్చిన కాగితమును తామే చదువుకొన్న తరము వచ్చెను.

పడమట క్రీకులకిచ్చిన నేలకును దస్తావేజులు ఉన్నవి. ఆ నేల నేటి ఓక్లహోమా రాష్ట్రమున కలదు. ఆ రాష్ట్రము 1907లో ఏర్పడిన పిదప, క్రీకుల ప్రత్యేక మండలము ఎన్నడో రద్దయినదని అందరు అనుకొనిరి. రాష్ట్రపు కోర్టులు నూరేండ్లకు పైగా అట్లే నడిచినవి. ఒక నేరస్థుడు, నన్ను శిక్షించుటకు రాష్ట్రమునకు అధికారము లేదు, నేరము జరిగినది క్రీకు మండలములో, అని వాదించెను. వ్యాజ్యము దేశపు అత్యున్నత న్యాయస్థానము చేరెను. 2020 జూలై 9న తీర్పు వచ్చెను. న్యాయమూర్తులలో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఆ అయిదుగురు పాత సంధులను, పాత చట్టములను ముందు వేసికొని, మండలమును రద్దుచేయు మాట వానిలో ఎక్కడ ఉన్నది చూపుడనిరి. ఎవ్వరును చూపలేకపోయిరి. కావున కేంద్ర నేరచట్టము విషయమున క్రీకుల మండలము నేటికిని నిలిచియే యున్నదని నిర్ణయించిరి. దానివలన ఎవరి పొలము ఎవరికిని మారలేదు, టల్లపూసా యొడ్డు తిరిగి రాలేదు. ఆ మండలములో ఆదివాసులు చేసిన పెద్దనేరములను విచారించు అధికారము మాత్రము రాష్ట్రమునుండి తొలగి కేంద్రప్రభుత్వ న్యాయస్థానములకు పోయెను.